శ్రీకాకుళం కల, బందరు సమస్య

గంధర్వులో, మాంత్రికులో, కాలయంత్రాలో ఉండే కథలు రాసేవాళ్ళని పాఠకులు మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఈ ఆలోచన మీకెలా తట్టింది? ఆ మాట విని విని విసుగెత్తిన అమెరికన్ రచయిత హార్లన్ ఎల్లిసన్, షెనెక్టడీ అనే ఊరి నుంచి తెప్పించుకుంటానని చెప్పేవాడట. న్యూయార్క్ రాష్ట్రంలో ఆ పేరుతో నిజంగానే ఊరుంది. మనకు అంత దూరం పోనక్కర్లేదు. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, నది ఒడ్డున శ్రీకాకుళం ఉంది. ఉత్తరాంధ్రలో ఉన్న జిల్లా కేంద్రం సంగతి కాదు నేను చెబుతున్నది, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న చిన్న ఊరు. ఐదువందల ఏళ్ల కిందట అక్కడ ఒక రాజుకి కావ్యం రాయమని కలలో ఆజ్ఞ అయింది.

ఆముక్తమాల్యద అవతారికలోనే ఆ వృత్తాంతం ఉంది. కళింగ దండయాత్రకు బయల్దేరిన కృష్ణదేవరాయలు బెజవాడ మీదుగా శ్రీకాకుళం వచ్చాడు. ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. తెల్లవారబోయే జామున స్వామి కనిపించి, సంస్కృతంలో చాలానే రాశావు కదా, తెలుగులో మా పెళ్ళి కథ చెప్పమన్నాడు. అంకితం మాత్రం తిరుమల వేంకటేశ్వరుడి పేర ఇమ్మన్నాడు. ఊహ ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఈ కృష్ణా డెల్టాలో దొరికే జవాబుల్లో బాగా పాతది ఇదే. ఇప్పటికీ సగం మంది రచయితలు ఇంటర్వ్యూల్లో చెప్పేది దీని మనవడి లాంటి జవాబే: ఏమో, నిద్రలో తట్టింది.

రాయలకు కల రాలేదని నేననను. కానీ ఆ కల ఆయన చేతిలో ఏం పెట్టిందో చూడాలి. ఆ పెళ్ళి కథ, అంటే గోదాదేవి కథ, శ్రీవైష్ణవుల గురుపరంపరలో అప్పటికే ఉంది. ఆ కావ్యంలో మనల్ని ఒళ్ళు జలదరింపజేసే ఘట్టం, మాలదాసరి అర్ధరాత్రి దారితప్పి కుంభజానుడనే బ్రహ్మరాక్షసుడికి చిక్కడం, వరాహపురాణం నుంచి వచ్చింది. కథలన్నీ ముందే ఉన్నాయి. కల ఇచ్చింది రాయడానికి అధికారం. పైగా సమయం గమనించండి: గజపతుల చేతిలోంచి కోస్తా కోటలు ఒక్కొక్కటే రాయల చేతిలోకి వస్తున్న రోజులవి. ఆ గడ్డ మీది దేవుడే, ఆ గడ్డ భాషలో రాయమని కొత్త ప్రభువును అడిగాడు. రాజనీతి తెలిసిన కల అది.

ఇది రాయలొక్కడి సంగతీ కాదు. తిక్కనకు హరిహరనాథుడు కలలో కనిపించాడు. పోతనకు గ్రహణం నాడు నది ఒడ్డున ధ్యానంలో రాముడు కనిపించాడు. అవతారికలో దేవుడు కనిపించి అడగడం మన కావ్యాలకు ఒక మర్యాద, పెళ్ళి శుభలేఖ మీద పెద్దల పేర్లు ఉన్నట్టు. ఇంగ్లండులోనూ దీనికి జోడు ఉంది. ఇండోనేషియాలో 1815లో తంబోరా అగ్నిపర్వతం బద్దలై, మరుసటి ఏడు యూరప్‌లో వేసవే రాకుండా పోయింది. ఆ వానల్లో జెనీవా సరస్సు ఒడ్డున ఇంట్లో కూర్చున్న మేరీ షెల్లీ ఫ్రాంకెన్‌స్టైన్‌కి బీజం వేసుకుంది. నవల 1818లో వచ్చింది. పడుకుంటే కళ్ళ ముందు ఆ విద్యార్థి, వాడు తయారుచేసిన ఆకారం కనిపించాయని ఆమె చెప్పింది మాత్రం 1831 ముద్రణ ముందుమాటలో. అంతకు ముందు ఆ ఇంట్లో నడిచిన మాటల్లో విద్యుత్తుతో జీవం పోయవచ్చా అన్నదీ ఒకటి. ఆ సంగతి కూడా ఆమే రాసింది. చదివేవాళ్ళు కల దగ్గరే ఆగిపోయారు.

కాబట్టి కలను కొట్టిపారెయ్యకుండానే పక్కన పెట్టి, తూర్పున బందరు వెళదాం.

బందరు హిందూ హైస్కూల్లో చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి తెలుగు చెప్పేవారు. తిరుపతి వెంకట కవుల్లో ఒకరు, అవధానాన్ని ఊరూరా తిప్పి జనానికి రుచి చూపించినవారు. అవధానంలో సమస్యాపూరణం అనే అంశం తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు గాని, మన ప్రశ్నకు అది ఎంత దగ్గరో ఎవరూ చెప్పగా నేను వినలేదు. పృచ్ఛకుడు లోకంలో కుదరని ఒక పాదం ఇస్తాడు. అవధాని మిగిలిన మూడు పాదాలూ చెప్పి, అది కుదిరే పరిస్థితి కల్పిస్తాడు. ఉదాహరణకు నేనే ఒకటి అనుకుంటాను: చేప చెట్టెక్కి కూచుందని పాదం ఇచ్చారనుకోండి. అవధాని చేపకు కాళ్ళు మొలిపించడు. ఉప్పెన వచ్చి తాటితోపు మునిగిందని, నీరు తీశాక మొవ్వులో చేప చిక్కిందని చెబుతాడు. మాట వింతది, మారింది లోకం. ఇంగ్లీషువాళ్ళు ఇలా జరిగితే ఏమవుతుందని మొదలుపెడతారు. మన అవధాని తలకిందులుగా వెళతాడు: ఇది జరిగింది సరే, ఎలాంటి లోకంలో జరిగి ఉంటుంది? సైన్సు కథ రాసేవాడికి ఈ రెండో దారే ఎక్కువ పనికొస్తుందని నా లెక్క. మొదటి దారిలో కథ ఎటైనా పోవచ్చు. రెండో దారిలో ప్రతి వాక్యమూ ఆ చివరి పాదానికి జవాబు చెప్పుకోవాలి.

ఆ స్కూల్లో చెళ్ళపిళ్ళ దగ్గర చదువుకున్నవాడు విశ్వనాథ సత్యనారాయణ, 1895లో కృష్ణా జిల్లా నందమూరులో పుట్టినవాడు. వేయిపడగలు, రామాయణ కల్పవృక్షం, 1970 జ్ఞానపీఠం మనకు కంఠతా వచ్చిన సంగతులు. ఆయన రాసిన చిన్న పుస్తకాలు రెంటిని మాత్రం హాస్యమని పక్కకు నెట్టేశాం. హాహా హూహూలో గుర్రం తల ఉన్న గంధర్వుడొకడు రెక్క విరిగి లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. విష్ణుశర్మ ఇంగ్లీషు చదువులో పంచతంత్రం చెప్పిన పండితుడు, తిక్కనను వెంటబెట్టుకుని వచ్చి, రచయిత దగ్గర ఇంగ్లీషు పాఠం చెప్పించుకుంటాడు. రెండూ అచ్చంగా సమస్యలే. గంధర్వుడు లండన్లో పడితే అతన్ని జంతువుగా బోనులో పెట్టాలా, మనిషిగా పలకరించాలా అన్న చిక్కు శాస్త్రవేత్తలకు వస్తుంది. సంస్కృతం మాట్లాడే అతను వాళ్ళ కొలతలకు అందడు. కొలిచేవాణ్ణి కొలవడానికి విశ్వనాథ ఆ గంధర్వుణ్ణి దించాడు. ఇంగ్లీషు చదువుకున్న బ్రాహ్మణ పండితుడి మనసులో రోజూ నడిచే తగువు, కుదరని ఒక బొమ్మ రూపంలో బయటికి వచ్చింది. ఆయన చరిత్ర అభిప్రాయాలతో నాకు పేచీ ఉంది. పురాణవైర గ్రంథమాలలోని పన్నెండు నవలలకు ఆధారమైన కాలగణన నాకు మింగుడు పడదు. అయినా తెల్లవాళ్ళు రాసిన చరిత్ర తప్పయితే అన్న ఒక్క ఊహ మీద పన్నెండు నవలలు నిలబెట్టడం సామాన్యం కాదు.

బందరులోనే ఇంకో మనిషి పెరిగాడు, పింగళి నాగేంద్రరావు. పుట్టింది ఉత్తరాంధ్ర రాజాంలో, చదువు బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో, నాటకాలు రాసింది బందరు నాటక సమాజానికి, సినిమాల్లో స్థిరపడింది మద్రాసులో. ఆయన మాటలు రాసిన 1951 నాటి పాతాళభైరవి కాశీమజిలీ కథల నుంచీ, అల్లావుద్దీన్ దీపం నుంచీ కలిసి వచ్చిందన్నది రహస్యమేమీ కాదు. ఎరువు తెచ్చుకోవడం నేరమని మనవాళ్ళు ఎప్పుడూ అనుకోలేదు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీలు కూడా నడిచేది ఎరువు సొమ్ముతోనే, కాకపోతే వాటి చట్రం అందమైనది. మణిసిద్ధుడనే యతి వెంట కాశీకి పోతున్న గోపకుర్రాడు ప్రతి మజిలీలో ఊళ్ళోకి పోయి ఏదో ఒక వింత చూసొస్తాడు. దాని సంగతి చెబితే గాని కదలనని మొండికేస్తాడు. మణిసిద్ధుడు మణిలో చూసి చెబుతాడు. మణి సంగతి అలా ఉంచితే, కథను లాగేది కుర్రాడి మొండితనం. ఊహాకథల రచయితలకు నేను సిఫారసు చేసే పాత్ర ఆ కుర్రాడే.

పింగళి అసలు తెలివి 1957 మాయాబజార్‌లో కనిపిస్తుంది. శశిరేఖా పరిణయం వ్యాసుడి భారతంలో లేదు, జనం కల్పించుకున్నది, రంగస్థలం మీద నలిగినది. దాంట్లోకి ఆయన రెండు వస్తువులు తెచ్చాడు. ప్రియదర్శిని అనే పేటిక తెరిస్తే ఎవరికి ఇష్టమైనది వాళ్ళకు కనిపిస్తుంది. సత్యపీఠం మీద కాలు పెట్టినవాడు నిజమే చెప్పాలి. టీవీ మన ఇళ్ళలోకి రాకముందే టీవీ పెట్టాడని మురిసిపోతాం గాని, అక్కడ గొప్పతనం యంత్రానిది కాదు. ప్రియదర్శినిలో కనిపించేది దూరాన ఉన్న మనిషి అనుకుంటాం. నిజానికి బయటపడేది చూసినవాడి మనసు. శకునిని నిజం చెప్పే పీఠం ఎక్కిస్తే అన్నది సమస్య. పెళ్ళిపందిట్లో పూరణ జరిగింది. బందరు అలవాటు మద్రాసు సెట్టు మీద పనిచేసిందని నేను ఊరికే అనడం లేదు.

ఇంతవరకూ చెప్పుకున్నది ఒక పద్ధతి. ఇంకోటి ఇంతకంటే ఘాటైనది, దాని కేంద్రం గుడివాడకు దగ్గర్లోని గుడ్లవల్లేరు మండలం. అంగలూరులో 1887లో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి శంబుకవధ, సూతపురాణం రాశాడు. రామాయణంలో రాముడి కత్తికి బలైన శంబుకుడి వైపు నిలబడి కథంతా మళ్ళీ చూడటం ఆయన చేసిన పని. అదే మండలంలోని కౌతవరంలో పెరిగిన నార్ల వెంకటేశ్వరరావు అర్ధశతాబ్దం తర్వాత జాబాలి, సీతజోస్యం అనే నాటకాలు రాశాడు. సీతజోస్యానికి 1981లో సాహిత్య అకాడెమీ బహుమతి ప్రకటిస్తే వద్దన్నాడు. ఇవి సైన్సు ఫిక్షనా అని నవ్వకండి. చరిత్ర మరోలా జరిగి ఉంటే అని పాశ్చాత్యులు నెపోలియన్‌నో హిట్లర్‌నో పెట్టుకుని రాసే నవలలకూ, కథను ఓడినవాడు చెబితే అన్న ఈ నాటకాలకూ పుట్టుక ఒకటే. ఒప్పుకున్న కథ మీద ఒప్పుకోనివాడు వేసే ప్రశ్న. త్రిపురనేని కొడుకు గోపీచంద్, తనకు తండ్రి నేర్పింది ఎందుకు అని అడగడమని చెప్పుకున్నాడు. కాశీమజిలీ కుర్రాడు హేతువాది ఇంట్లో పుడితే ఆ మాటే అంటాడు.

విశ్వనాథ, త్రిపురనేని ఒకరికొకరు ఎదురు కొసలు. ఒకడు వాల్మీకిని కల్పవృక్షం చేశాడు, ఇంకొకడు పురాణాలను బోనెక్కించాడు. ఇద్దరూ ఒకే డెల్టా నీళ్ళు తాగారు, ఇద్దరి ఊహకూ ఇంధనం తగువే. దేవుడితో తగువుకు కూడా ఇక్కడ పాత వాడుక ఉంది. దివిసీమ పెదప్రోలు కవి కాసుల పురుషోత్తముడు రాసిన ఆంధ్రనాయక శతకం నిండా నిందాస్తుతే. తిట్టించుకున్నది ఎవరు? రాయల కలలోకి వచ్చిన ఆ శ్రీకాకుళం స్వామే. ఆయన ఒకరికి ఆజ్ఞ ఇచ్చాడు, ఇంకొకరి చేత మాటలు పడ్డాడు. రెండో కవికే ఎక్కువ ఊహలు తట్టాయని నాకనిపిస్తుంది.

తగువు లేకుండా, నెలనెలా గడువు మీద పుట్టే ఊహ సంగతేమిటి? దానికి సాక్షి దాసరి సుబ్రహ్మణ్యం. 1932లో కృష్ణా జిల్లా పెదగొన్నూరులో పుట్టి, చందమామలో చేరి, 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి 1978 దాకా ఒకదాని తర్వాత ఒకటి జానపద సీరియళ్ళు రాశాడు. మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం అంటే ఒక తరం పిల్లలకు ఇప్పటికీ ‘చిత్ర’ అనే చిత్రకారుడు గీసిన బొమ్మలు కళ్ళ ముందు మెదులుతాయి. రాసినవాడి పేరు మాత్రం చాలామందికి చాలా ఏళ్ల తర్వాతే తెలిసింది, చందమామ తీరు అది. కలల గురించి, ప్రేరణ గురించి కబుర్లు చెప్పే తీరిక ఆ ఉద్యోగంలో లేదు. ఈ నెల చివర హీరోను లోయ అంచున వేలాడదీయాలి, వచ్చే నెల దించాలి. వేలాడదీసినప్పుడు ఎలా దించాలో తెలిసి ఉండనక్కర్లేదు. సమస్య తానే ఇచ్చుకుని, ముప్పై రోజుల్లో తానే పూరించడం.

చందమామ కథలు నడిపిన కొడవటిగంటి కుటుంబరావు మార్క్సిస్టు, విరసం వ్యవస్థాపకుల్లో ఒకడు. దయ్యాల్ని నమ్మనివాళ్ళ చేతిమీదుగానే తెలుగు పిల్లలకు మంచి దయ్యాలు అందాయి. ఇందులో విడ్డూరమేమీ లేదు. బందరు హిందూ కాలేజీ అధ్యాపకుడు గోరా నాస్తికుడైనందుకు ఉద్యోగం పోగొట్టుకుని 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన జిల్లా ఇది. నిప్పుల మీద నడక మహిమ కాదని జనం ముందు నడిచి చూపించినవాళ్ళు వాళ్ళు. మాంత్రికుడు నిజమని నమ్మేవాడు వాడి గురించి జాగ్రత్తగా, తక్కువగా మాట్లాడతాడు. నమ్మనివాడే వాడికి గడ్డం పెట్టి, గుహ కట్టి, ఎలుగుబంటి మీద ఎక్కిస్తాడు. ఇదే లెక్కలో యమగోల కూడా చూడాలి. 1977 అక్టోబరులో వచ్చిన ఆ సినిమాలో నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు యమలోకంలో భటుల చేత సమ్మె చేయిస్తాడు. మాటలు రాసిన డి.వి. నరసరాజు రాడికల్ హ్యూమనిస్టు. జీవించి ఉన్నవాడు యమపురికి పోవడమన్న ఊహ బెంగాలీ నుంచి అంతకుముందే దేవాంతకుడుగా వచ్చింది.

ఆ సినిమా ఆడుతున్న రోజుల్లోనే, నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. అధికార లెక్కలే పదివేల ప్రాణాలు అంటాయి. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెనలో ముప్పై వేల మంది పోయారని పాత రికార్డులు. విపత్తుల్లోంచే భయంకరమైన ఊహలు పుడతాయని ఒక వాదం ఉంది, తంబోరాను చూపించి మరీ చెబుతారు. నేను ఒప్పుకోను. నాగాయలంక, కోడూరు పక్క ఆ రాత్రి చూసినవాళ్ళు తాటిచెట్టంత కెరటం అన్నారు, అది అతిశయోక్తిగా అనలేదు. చెట్ల మీద చేప చిక్కడం పైన నేను చమత్కారంగా చెప్పిన మాట. ఆ ఊళ్ళలో చెట్లను కరుచుకుని బతికినవాళ్ళున్నారు, తుమ్మల్లో చిక్కిన శవాలున్నాయి. అక్కడ కల్పనకు పని లేదు. మేరీ షెల్లీకి తంబోరా వానగా, ఇంట్లో కూర్చోవాల్సిన వారాలుగా అందింది. అగ్నిపర్వతం కింద ఉన్నవాళ్ళు నవలలు రాయలేదు. దూరం ఉంటేనే విపత్తు ఊహకు పనికొస్తుంది, ఆ దూరం మైళ్ళదైనా, ఏళ్లదైనా. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం పక్క తుఫాను తీరం దాటిన రోజే జగదేకవీరుడు అతిలోకసుందరి విడుదలైంది. ఇంద్రుడి కూతురు ఉంగరం పారేసుకుంటే అన్న ఆ కథను, ఊళ్ళు మునిగిన ఆ వారంలోనే జనం నడిచిపోయి చూశారు. కథ విపత్తు నుంచి పుట్టలేదు గాని, విపత్తులో ఉన్నవాళ్ళకు పనికొచ్చింది.

సైన్సు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మన దగ్గర దాని వాటా క్లుప్తమే. చదువుకునే రోజుల్లో హెచ్.జి. వెల్స్ టైమ్ మెషీన్ చదివిన సింగీతం శ్రీనివాసరావు మనసులో ఆ ఊహ ఏళ్ల తరబడి ఉండి, 1991లో ఆదిత్య 369 అయింది. వెల్స్ యంత్రం భవిష్యత్తుకు పోయింది. మనవాళ్ళు దాన్ని ముందు రాయల కొలువుకు నడిపారు, భవిష్యత్తు సంగతి తర్వాత చూసుకున్నారు. 2024 నాటి కల్కి 2898 ఏడీ కూడా కురుక్షేత్రంలో మొదలయ్యే భవిష్యత్తే. తెలుగు కాలయంత్రానికి రివర్స్ గేరు బాగా పడుతుంది. దీన్ని లోపమని విమర్శకులు అంటారు. నేనైతే సగమే ఒప్పుకుంటాను. మన ఊహకు ఇంధనం పాత కథతో తగువు అయినప్పుడు, యంత్రం ముందు అటే పోతుంది. విచారించాల్సింది వేరే ఉంది: వెళ్ళినవాళ్ళు అక్కడ తగువు పడకుండా దండం పెట్టి తిరిగొస్తున్నారు. శంబుకుడి దగ్గరికి కాలయంత్రం ఇంకా పోలేదు. నండూరి రామమోహనరావు విశ్వరూపం, నరావతారం రాసి గ్రహాల్నీ పరిణామాన్నీ చేతికందే తెలుగులో పెట్టి ఎన్నాళ్ళో అయింది. మన దగ్గర సైన్సు ఊహ వాటా చిన్నదైంది ముడిసరుకు తక్కువై కాదు.

ఇప్పుడు ఈ డెల్టాలో ఊహాకథ రాయాలనుకునే వారికి కుదరని పాదం కావాలంటే గుడివాడ నుంచి కైకలూరు వైపు పోతే చాలు. కొల్లేరు సరస్సుకు ఐదో కాంటూరు అని ఒక హద్దు గీత ఉంది. దాని లోపలి చేపల చెరువుల గట్లు 2006లో ప్రభుత్వం తెగ్గొట్టించింది. ఆ తర్వాత గీతను మూడో కాంటూరుకు జరపాలన్న వాదన ఏళ్ల తరబడి నడిచింది. నీళ్ళు ఎక్కడ నిలవాలో కాగితం నిర్ణయించాలి, కాగితం ఎలా ఉండాలో చెరువుల వాళ్ళూ, వడ్డి కులంవాళ్ళూ, అటవీశాఖా తేల్చుకోవాలి. ఆటపాక పెలికాన్లకు ఓటు లేదు. ఉప్పుటేరు వెంట సముద్రపు నీరు వెనక్కి వస్తోంది. ఆ ఉప్పుటేరును పూర్వం శత్రువు కోట పట్టుకోవడానికి సరస్సును ఖాళీ చేయాలని ఒడిశా సేనలు తవ్వాయని, అందుకు సేనాని తన కూతుర్నే బలి ఇచ్చాడని అక్కడ ఒక కథ చెబుతారు. కొల్లేరే కోర్టుకెక్కి నా సరిహద్దు నేను చెబుతానంటే ఆ కేసు ఎలా నడుస్తుంది? నన్ను రాయమంటే మొదటి సాక్షిగా ఆ కూతుర్ని పిలుస్తాను, క్రాస్ ఎగ్జామినేషన్‌కు సర్వేయర్ని దించుతాను.